నల్లరేగడిలో ఇంకుడు గుంత ఇంకాలంటే

గుంటూరు చుట్టుపక్కల చాలా ఇళ్లలో ఇంకుడు గుంత ఉంటుంది, వాన వెలిసి మూడు రోజులైనా అందులో నీళ్లు అలాగే ఉంటాయి. కారణం అడుగున ఉన్న నల్లరేగడి. తడిస్తే అది ఉబ్బి బీటలు మూసుకుంటుంది, ఆపైన నీటిని దాదాపు దిగనివ్వదు. ఎంత మంచి కంకర పోసినా ఫలితం ఉండదు. అందుకే మేస్త్రిని పిలిచే ముందు నేలను పరీక్షించాలి.

అడుగు వెడల్పు, మీటరున్నర లోతు గొయ్యి తీసి నిండా నీళ్లు పోసి రాత్రంతా వదిలేయండి. ఎండిన రేగడి మొదట బీటల్లోంచి గబగబా తాగేస్తుంది, ఆ వేగాన్ని నమ్మకూడదు. తెల్లారాక మళ్లీ ఒక అడుగు ఎత్తు నీళ్లు పోసి, గీతలు పెట్టిన కర్ర దించి గంట చూడండి. రెండు సెంటీమీటర్లు కూడా తగ్గకపోతే మామూలు గుంత పనికిరాదు.

కొలతలకు లెక్క సులువే. చదరపు మీటరు డాబా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 100 చదరపు మీటర్ల డాబాపై 30 మి.మీ. కురిస్తే, తడికీ చిందడానికీ పోగా సుమారు 2,500 లీటర్లు చేతికొస్తాయి. మీటరున్నర పొడవు, అంతే వెడల్పు, రెండు మీటర్ల లోతు గుంత సరిపోతుంది. అడుగున 40 ఎం.ఎం. కంకర 80 సెం.మీ., దానిపై 20 ఎం.ఎం. కంకర 30, ఆపై నైలాన్ జాలీ పరిచి ముతక ఇసుక 10. మిగతా 80 సెం.మీ. ఖాళీగా ఉంచాలి, ఎక్కువ నీళ్లు నిలిచేది అక్కడే. ఇటుక ముక్కలు, కట్టడాల చెత్త వద్దు. సరిగా కాలని ఇటుక నాని మట్టయి కంకర సందులు పూడ్చేస్తుంది.

పరీక్షలో నీళ్లు దిగకపోతే, కంకర పోయకముందే గుంత మధ్యలో ఆరంగుళాల బోరు వేయించి రేగడి దాటించాలి. గ్రావెల్ గానీ ఇసుక గానీ తగలగానే ఆపాలి, ఊట నీటిదాకా దించకూడదు. అందులో చీలికలు కోసిన నాలుగంగుళాల పీవీసీ పైపు దించి, చుట్టూ చిప్స్ (సన్న కంకర) పోసి, పైకొనకు మూత బిగించి కంకరలో కప్పేయాలి. డాబా పైపును నేరుగా తాగునీటి బోరులోకి ఎప్పుడూ కలపకండి. పిట్టల రెట్టలు, దుమ్ము సరాసరి మనం తాగే నీళ్లలోకి పోతాయి.

పునాదికి కనీసం మూడు మీటర్లు, సెప్టిక్ ట్యాంకుకు పది మీటర్లు ఎడం ఉంచాలి. రేగడిలో ఇది మరీ ముఖ్యం: ఒక పక్కే తడిసి ఉబ్బితే గోడలు బీటలిస్తాయి. తవ్వకం ఏప్రిల్, మే నెలల్లోనే ముగించండి. వానల్లో గుంత గట్లు జారి కూలీల మీద పడే ప్రమాదం ఉంది. పూర్తయ్యాక పైన ఇనుప జాలీ తప్పనిసరి, ఇంట్లో పిల్లలుంటే ఇంకా.

విజయవాడలో కృష్ణలంక వంటి ఏటి ఒడ్డు పేటల్లో సంగతి వేరు. సెప్టెంబరు, అక్టోబరులో దగ్గరి బావిలోకి తొంగి చూడండి. నీటిమట్టం నేల నుంచి మూడు మీటర్ల లోపే ఉంటే గుంత మానుకుని, అదే డబ్బుతో సంపు కట్టి వాననీరు వాడుకోవడం మేలు.

సీజన్ తొలి వాన డాబాను కడుగుతుంది. మొదటి 2 మి.మీ., అంటే 200 లీటర్లు, డాబా పైపుకున్న వాల్వు తిప్పి బయటికి వదిలేయాలి. ఏటా మే నెలలో పైఇసుక 5 సెం.మీ. గీకి పారేసి కొత్తది పోయండి. వంటింటి నీళ్లు, స్నానాల నీళ్లు ఇందులోకి రానివ్వకండి. సబ్బు, జిడ్డు పేరుకుంటే పైఇసుక మార్చినా లాభం ఉండదు, కంకరంతా తీసి కడగాల్సిందే.