యమహా ఆర్‌ఎక్స్ 100 బోర్ చేయించారా? హెడ్ బిగించే ముందు సోల్డర్ తీగతో గ్యాప్ చూస్కోండి

బ్లాక్ (పిస్టన్ ఆడే సిలిండర్) బోర్ చేయించి, అంటే లోపల కాస్త పెద్దగా కోయించి, కొత్త పిస్టన్ వేసి హెడ్ (సిలిండర్ పైమూత) నట్లు నాలుగూ బిగించేస్తే పనైపోయిందనుకుంటాం, కానీ పిస్టన్ పూర్తిగా పైకొచ్చినప్పుడు దానికీ హెడ్‌కీ మధ్య ఎంత ఖాళీ మిగిలిందో కొలిచే మెకానిక్‌ని నేనైతే ఇద్దర్ని మించి చూళ్ళేదు. మిగతావాళ్ళది ఒకటే మాట, "కంపెనీ పిస్టనే, కంపెనీ ప్యాకింగే, ఏం కాదన్నా." ఆర్‌ఎక్స్ 100 వచ్చింది 1985లో, ఆగిపోయింది 1996లో. అంటే ఇప్పుడు మన చేతిలో ఉన్న బండి ఏదైనా ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు విప్పారో, హెడ్ ఎన్నిసార్లు రుద్దారో, ఎవరు ఎన్ని ప్యాకింగులు (అతుకుల మధ్య వేసే గాస్కెట్లు) వేశారో దేవుడికే తెలియాలి. అలాంటి ఇంజన్‌కి కంపెనీ లెక్క పన్జేయదు, దాన్నే అడగాలి.

ఈ గ్యాప్‌ని స్క్విష్ అంటారు. హెడ్ లోపల అంచు చుట్టూ చేతిగాజులాగా ఒక పట్టీ ఉంటుంది చూడండి, మధ్యలో గిన్నెలా గుంట. పిస్టన్ పైకొచ్చేటప్పుడు ఆ పట్టీ కింద ఇరుక్కున్న పెట్రోలు గాలి మొత్తం ప్లగ్గు వైపుకి విసురుగా తోసుకొస్తుంది, దాంతో మంట త్వరగా, సాఫీగా అంటుకుంటుంది. గ్యాప్ ఎక్కువైతే ఆ తోపు ఉండదు, అంచున మిగిలిన గ్యాసు వేడెక్కి తనంతట తనే పేలుతుంది, అదే మనకి లోడ్ మీద టికటికమని వినపడే నాకింగ్. మరీ తక్కువైతే ఇంకో గోల, ఫుల్ రేజింగ్‌లో కనెక్టింగ్ రాడ్ కాస్త సాగుతుంది, బేరింగుల్లో ఉన్న ప్లే కూడా తోడవుతుంది, పిస్టన్ వెళ్ళి హెడ్‌కి తగుల్తుంది. ఆర్‌ఎక్స్‌లో బోరు 50 ఎంఎం, స్ట్రోకు కూడా 50 ఎంఎమ్మే, ఇంత చిన్న ఇంజన్ స్టాండర్డ్ ట్యూన్‌లో రోడ్డు మీద తిరగడానికైతే 0.9 నుంచి 1.1 ఎంఎం మధ్యలో పెట్టుకుంటే భయం లేదు. 0.7 కిందికి దిగడం రేసు పిచ్చి ఉన్నవాళ్ళ పని, మన బండికి వద్దు.

కావాల్సినవి పెద్దగా ఏం లేవు. మెత్తటి సోల్డరింగ్ లెడ్ కొంచెం, రేడియో సామాన్లు అమ్మే ఏ కొట్లో అయినా దొరుకుద్ది, హైదరాబాద్ వాళ్ళయితే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే ఏ సైజంటే ఆ సైజు ఉంటుంది. ఒక వెర్నియర్, ఉంటే మైక్రోమీటర్. కొంచెం గ్రీజు. టార్క్ రెంచ్ ఉంటే మంచిది. రాగి తీగ, కరెంటు తీగ వాడకండి, అవి నలగవు, పిస్టన్ నెత్తినే గుంట పెడతాయి.

ముందు పిస్టన్ పైనా హెడ్ లోపలా మసి మొత్తం గీకేయండి. మసి ఉంటే కొలత అబద్ధం చెప్తుంది, రేపు ఆ మసి రాలాక గ్యాప్ మారిపోతుంది. బ్లాక్ కూర్చునే చోట పాత ప్యాకింగ్ ముక్కలు అతుక్కుని ఉంటాయి, అవి కూడా బ్లేడుతో నిదానంగా తీయాలి, అల్యూమినియం కదా గీత పడకుండా. తర్వాత చివరికి ఏ ప్యాకింగులు వేస్తారో అవే వేసి బిగించండి, "ఇప్పుడు ఊరికే చూడ్డానికే కదా" అని హెడ్ ప్యాకింగ్ లేకుండా బిగించి కొలిస్తే ఆ కొలత ఎందుకూ పనికిరాదు. పిస్టన్ మీద బాణం గుర్తు సైలెన్సర్ వైపు ఉందో లేదో ఒకసారి చూస్కోండి, ఇది ఎంత పాత సంగతైనా తిప్పి వేసేవాళ్ళు ఇంకా ఉన్నారు.

ఇప్పుడు తీగ. రెండు చిన్న ముక్కలు కత్తిరించి పిస్టన్ నెత్తి మీద గ్రీజు చుక్కతో అంటించండి. ఎక్కడ అంటిస్తారనేదే అసలు కిటుకు. గజన్ పిన్ (పిస్టన్‌ని రాడ్‌కి కలిపే పిన్) ఏ దిక్కులో ఉందో ఆ దిక్కున, అంటే బండి మీద కూర్చున్నప్పుడు ఎడమ పక్కొకటి, కుడి పక్కొకటి, తీగ కొస బోరు గోడకి ఆనేలా. సైలెన్సర్ వైపో కార్బొరేటర్ వైపో ఒక్కటే ముక్క పెడితే తీగ నలిగేటప్పుడు పిస్టన్ పిన్ మీద ఊయల్లా అటు వంగిపోతుంది, నిజంగా ఉన్నదానికన్నా ఎక్కువ గ్యాప్ చూపిస్తుంది. పిన్ దిక్కున అయితే వంగే దారి లేదు. హెడ్ పెట్టి నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ మాన్యువల్‌లో ఉన్న టార్క్ దాకా తీసుకెళ్ళి, ప్లగ్గు తీసేసి, కిక్ రాడ్‌ని చేత్తోనే నిదానంగా నొక్కండి. కాలుతో ఎగిరి కొట్టొద్దు. పిస్టన్ పైకొచ్చేచోట కొంచెం బరువుగా తగిలి, మెత్తగా దాటిపోతుంది, ఆ ఒక్కసారి చాలు. హెడ్ విప్పి తీగ ముక్కలు తీసి బల్లపరుపుగా నలిగిన కొసని, గోడ వైపు చివరని, కొలవండి.

నా బండి సంగతి చెప్తా. 0.50 ఓవర్‌సైజ్ (బోరు అర ఎంఎం పెద్దది చేసి దానికి తగ్గ పిస్టన్) వేయించి తెచ్చాక కిక్ కొడితే మెత్తగా ఉంది, ఎక్కాల్సిన గట్టు థర్డ్ గేర్‌లో ఎక్కట్లేదు, పైగా ఎండలో నాకింగ్. కార్బొరేటర్ జెట్ మార్చాం, టైమింగ్ చూశాం, ప్లగ్గు మార్చాం. ఆఖరికి హెడ్ విప్పి 1.6 ఎంఎం తీగ పెట్టి తిప్పితే పెట్టింది పెట్టినట్టు గుండ్రంగా బయటికొచ్చింది, ఒక్క నొక్కు లేదు! తీగ సన్నమేమో, సరిగ్గా పెట్టలేదేమో అని ఇంకోసారి, అదే కథ. అప్పుడు వెలిగింది, గ్యాపే తీగకన్నా ఎక్కువుందని. 2 ఎంఎం తీగ తెచ్చి చూస్తే ఎడమ 1.72, కుడి 1.68. బ్లాక్ లేపి చూస్తే కింద బేస్ ప్యాకింగులు రెండు, ఒక్కోటి 0.5. అడిగితే "ఆయిల్ కారకుండా వేశానన్నా" అన్నాడు పాపం, మంచికే వేశాడు. తీగ ఎప్పుడూ మీరు అనుకునే గ్యాప్‌కి ఒకటిన్నర రెట్లు లావు ఉండాలన్నది ఆ రోజు తెలిసింది.

ఒక ప్యాకింగ్ పీకేసి, మిగిలినదాని బదులు 0.3 వేస్తే రెండు పక్కలా 1.00కి అటూ ఇటూగా వచ్చింది. 0.7 ఎంఎం అంటే కంటికి ఆనను కూడా ఆనదు కదా అనిపిస్తుంది, కానీ 50.5 బోరు మీద లెక్కేస్తే దాదాపు 1.4 సీసీ. హెడ్ గుంట మొత్తమే పది సీసీకి అటూ ఇటూ ఉండే ఇంజన్‌లో 1.4 అంటే కంప్రెషన్ ఎక్కడికి పోయిందో అర్థమైపోతుంది. ఇంకోటి, టూ స్ట్రోక్‌లో బేస్ ప్యాకింగ్ మారిస్తే పోర్టుల (బ్లాక్ గోడలో గ్యాసు వచ్చీ పోయే కన్నాల) టైమింగ్ కూడా మారుతుంది, బ్లాక్ పైకి లేస్తే పోర్టులు ముందే తెరుచుకుంటాయి, తక్కువ రేజింగ్‌లో లాగుడు తగ్గుతుంది. నా బండి గట్టెక్కకపోవడానికి అది కూడా ఒక కారణమే. అందుకే బేస్ ప్యాకింగ్ సరిగ్గా ఒక్కటే ఉండి కూడా గ్యాప్ ఎక్కువొస్తే బ్లాక్‌ని ముట్టుకోకండి, లేత్‌లో హెడ్‌ని కావల్సినంత స్కిమ్ చేయించండి (పల్చగా చెక్కించండి), పోర్టులు కదలవు. గ్యాప్ తక్కువొస్తే కొంచెం మందం ప్యాకింగ్ వేస్కోవచ్చు.

ఎడమకీ కుడికీ 0.1 కన్నా ఎక్కువ తేడా వస్తే ప్యాకింగ్ మార్చే పని కాదది. కింద ఏదో ముక్క ఇరుక్కుంది, లేకపోతే బ్లాక్ ఫేస్ వంకర, బోరింగ్ వంకరగా పడిందేమో, ఆఖరికి కనెక్టింగ్ రాడ్ వంగిందేమో కూడా చూడాలి. గాజు పలక మీద ఎమరీ పేపర్ పెట్టి హెడ్ ఎనిమిది ఆకారంలో నాలుగు రుద్దులు రుద్దితే ఎక్కడ ఎత్తు ఎక్కడ పల్లం అనేది మెరుపుని బట్టే తెలిసిపోతుంది.

బుల్లెట్ కాస్ట్ ఐరన్ ఇంజన్ వాళ్ళు కూడా అడుగుతుంటారు. అక్కడ సోల్డర్ తీగ ఒక్కటే సరిపోదు, వాల్వులు ఉన్నాయి కదా. పిల్లలు ఆడుకునే క్లే తెచ్చి పిస్టన్ మీద వాల్వ్ వచ్చే చోట ముద్దలా పెట్టి, వాల్వ్‌కి అంటుకోకుండా పైన కొంచెం ఆయిల్ రాసి, హెడ్ బిగించి పుష్ రాడ్లు సెట్ చేసి ఇంజన్‌ని రెండు పూర్తి చుట్లు తిప్పాలి, ఒక చుట్టుకి కామ్ (వాల్వుల్ని తెరిచేది) పని పూర్తవ్వదు. విప్పాక బ్లేడుతో క్లే మధ్యకి కోసి పల్చగా ఉన్నచోట కొలిస్తే ఇన్‌లెట్‌కి 1.5, ఎగ్జాస్ట్‌కి 2 ఎంఎం కన్నా తగ్గకూడదు. ఎగ్జాస్ట్ వాల్వ్ ఎక్కువ వేడెక్కి సాగుతుంది కాబట్టి దానికి చోటు ఎక్కువ.

అన్నీ కుదిరి బిగించాక ఓ 500 కిలోమీటర్లు రన్నింగ్ చేసి, వీలైతే హెడ్ ఒకసారి లేపి పిస్టన్ అంచు చూడండి. అంచు పొడుగునా సన్నటి చేతిగాజులా శుభ్రంగా ఉండి మిగతాదంతా గోధుమ రంగు మసి ఉంటే గ్యాప్ బాగున్నట్టే. ఒక్కచోటే లోహం మెరుస్తూ నొక్కినట్టు కనిపిస్తే మాత్రం అక్కడ తగుల్తోందని అర్థం, ఆ బండిని రేజ్ చేయకుండా ఇంటికి నడిపించుకొచ్చి మళ్ళీ తీగతో మొదలెట్టండి. నలిగిన తీగ ముక్కలు పారేయకండి, నేనైతే టేపేసి నోట్‌బుక్‌లో అంటించి పక్కన తేదీ, ప్యాకింగ్ మందం రాసి పెట్టుకున్నా, ఇంకోసారి ఇంజన్ విప్పినప్పుడు మెకానిక్ ముందు ఆ పేజీ తెరిచి పెడతా.