పారిస్‌లో పేరున్న ఫ్రెంచ్ రెస్టారెంటుకు వెళ్లేముందు: ఎవరి అనుభవం నమ్మాలి, మనం ఏమేం అడగాలి

పారిస్ వెళ్లినప్పుడు ఒక్కపూటైనా పేరున్న ఫ్రెంచ్ రెస్టారెంటులో భోంచేయాలనుకునేవారు ముందుగా అక్కడ తినివచ్చినవారి అభిప్రాయాలు చదువుతారు, చదివాక మరింత అయోమయంలో పడతారు. ఒకే చోటు గురించి ఒకరు జన్మలో మరచిపోలేని భోజనమని చెబితే, అదే వారం వెళ్లిన మరొకరు మనిషికి 200 యూరోలు పోసి అర్ధాకలితో లేచి వచ్చామని వాపోతారు. ఆ నగరంలో కొన్నేళ్లు కాపురమున్నదాన్ని, వచ్చిన చుట్టాలను ఇలాంటి భోజనాలకు పలుమార్లు వెంటబెట్టుకుని వెళ్లినదాన్ని కనుక చెబుతున్నాను: ఆ ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు, చాలాసార్లు వంటలో తేడా కూడా ఉండదు. ఆ భోజనానికి ఒక పద్ధతి ఉంది. అది ఒకరికి ముందే తెలుసు, రెండోవారికి ఎవరూ చెప్పలేదు.

అందుకని అభిప్రాయాలను చేటలో పోసి చెరగాలి. వడ్డన ఆలస్యమైంది, పళ్లెంలో పిడికెడే పెట్టారు, అడిగేదాకా బిల్లు ఇవ్వలేదు, దేనిలోనూ కారం లేదు వంటివి ఆ దేశపు అలవాట్ల మీద ఫిర్యాదులే తప్ప ఆ రెస్టారెంటు మీద కావు కాబట్టి వాటిని పొట్టుగా ఎగరగొట్టవచ్చు. బుక్ చేసుకున్నా చాలాసేపు నిలబెట్టారు, వేడిగా రావలసింది చల్లారి వచ్చింది, ఫలానా పదార్థం పడదని ముందే చెప్పినా అదే వేశారు, మేము తీసుకోని వైన్ బిల్లులో చేరింది వంటివి మాత్రం గింజలు. ఇలాంటి మాట వేర్వేరు నెలల్లో, ఒకరితో ఒకరికి సంబంధంలేని నలుగురి నోట వినిపిస్తే ఆ చోటు వదిలేయడమే మేలు. షెఫ్ మారితే పాత అభిప్రాయాలు చెల్లవు కనుక వాటి తేదీలు కూడా చూడాలి.

మిషెలిన్ అనే రెస్టారెంట్ల గైడు ఇచ్చిన నక్షత్రం ఉంది కదా అని నిశ్చింతగా ఉండటం కూడా సరికాదు. టైర్ల కంపెనీ 1900లో మొదలుపెట్టిన ఆ గైడు 1926 నుంచి నక్షత్రాలిస్తోంది. దాని ఇన్‌స్పెక్టర్లు ఫలానావారమని చెప్పుకోకుండా వెళ్లి, తమ బిల్లు తామే కట్టి, పళ్లెంలో ఉన్న వంటను మాత్రమే తూచి నక్షత్రమిస్తారు; మర్యాదకూ హంగుకూ అందులో లెక్క లేదు. కాబట్టి వంట అద్భుతం, మనుషులు పెడసరం అని ఎవరైనా రాస్తే ఆ రెండూ నిజమై ఉండవచ్చు.

మొదటిసారి వెళ్లేవారు రాత్రికి బదులు మధ్యాహ్నం వెళ్లాలని నా గట్టి సలహా. అదే వంటగది, అదే షెఫ్, కానీ మధ్యాహ్నపు మెనూ ధర చాలాచోట్ల రాత్రి ధరకంటే బాగా తక్కువ. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు వరకు, రాత్రి ఏడున్నర తర్వాత తప్ప మధ్యలో వంటగది మూసే ఉంటుంది. ఆదివారం, సోమవారం చాలావాటికి సెలవు, ఆగస్టులో కొన్ని వారాల తరబడి తెరవరు. బుక్ చేసేటప్పుడు కార్డు వివరాలు అడిగితే రద్దు షరతులు చదవండి, చెప్పకుండా మానేస్తే మనిషికింత అని కోసుకుంటారు.

మెనూ చేతికి వచ్చాక మాటలు తికమకపెడతాయి. ఫ్రాన్సులో 'మెనూ' అంటే నిర్ణీత ధరకు వరుసగా వచ్చే వంటకాల కూర్పు. విడివిడిగా ఎంచుకునే జాబితాను 'కార్త్' అంటారు. అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్లు 'ఆంత్రే' అనగానే ప్రధాన వంటకమనుకుంటారు కానీ ఫ్రాన్సులో అది మొదట వచ్చే చిన్న వంటకం, ప్రధానమైనది 'ప్లా'. ఆంత్రే ఒక్కటే తెప్పించుకుని ఇంతేనా అని నొచ్చుకున్నవారిని నేను చూశాను.

ఇక శాకాహారుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవారి చేదు అనుభవాల్లో ఎక్కువ ఇక్కడే పుడతాయి. మా అత్తగారు శుద్ధ శాకాహారి. ఒక రెస్టారెంటులో ఆవిడకోసం పుట్టగొడుగుల వంటకం ఎంచి, ఇందులో మాంసముందా అని అడిగితే, వెయిటరు లేదని నిజాయితీగానే చెప్పాడు. పళ్లెంలో పుట్టగొడుగుల కింద ముదురు గోధుమరంగు సాస్, లేతపాకం వచ్చిన బెల్లంలా నిగనిగలాడుతూ, చెంచా వెనక అంటుకుని జారుతోంది. ఆవిడ రెండు ముద్దలు తిన్నాక ఆ చిక్కదనం ఎక్కడిదని నాకు అనుమానం వచ్చి మళ్లీ పిలిచి అడిగాను. అది లేగదూడ ఎముకలను గంటల తరబడి కాచి తీసిన రసం, 'ఫోఁ ద వో'. వాళ్ల లెక్కలో అది మాంసం కాదు, సాస్. ఆవిడ ఒక్క మాట అనలేదు, నీళ్లు తాగి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. అడగాల్సిన ప్రశ్న నేను సరిగా అడగలేదన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

కాబట్టి మాంసముందా అని అడగకండి. సాస్ దేనితో చేశారు, సూప్‌లోకి ఏ రసం వాడారు అని అడగండి. సంప్రదాయ పద్ధతిలో ఉల్లిపాయ సూప్ గొడ్డుమాంసపు రసంతోనే కాస్తారు, సలాడ్‌లో పందిమాంసపు ముక్కలు పడవచ్చు, తీపి వంటకాలు గట్టిపడటానికి జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ కలుపుతారు, రోక్‌ఫోర్, 'కోంతే' వంటి చీజ్‌లకు పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన రెనెట్ వాడతారు. బుక్ చేసేటప్పుడే మాంసం, కోడి, చేప, రొయ్యలు, వాటి రసం, జంతువుల కొవ్వు, జెలటిన్ వద్దని, పాలూ వెన్నా ఫరవాలేదని, గుడ్డు తింటారో లేదో కూడా రాసి పంపండి. రెండు రోజుల ముందు ఫోన్ చేసి గుర్తుచేయండి. ముందు తెలిస్తే శ్రద్ధగా వండిపెడతారు, బల్ల దగ్గర కూర్చున్నాక చెబితే ఉడికించిన కూరముక్కలే వస్తాయి. ఖర్చుకు సిద్ధపడేవారికి ఆర్పేజ్ వంటి చోటు కూడా ఉంది: 1996 నుంచి మూడు నక్షత్రాలున్న ఆ రెస్టారెంటులో షెఫ్ అలేన్ పసార్ 2001లోనే ఎర్రమాంసం మానేసి, 2025లో తేనె తప్ప జంతువుల నుంచి వచ్చేవన్నీ తీసేశారు. ఆ పుట్టగొడుగుల సాస్ సంగతి జరిగిన మరుసటి ఏడాది మేము వేరే ఒక చిన్న రెస్టారెంటుకు ఇలా ముందే రాసి వెళితే, బీట్‌రూట్‌ను ఉప్పు ముద్దలో పొదిగి కాల్చి, బల్ల దగ్గరే ఆ పెంకును పగలగొట్టి వడ్డించారు. పొగలు వస్తున్న ముక్కను నోట్లో పెట్టుకుని అత్తగారు, అచ్చం నిప్పుల్లో కాల్చిన గెణుసుగడ్డలా ఉందే అన్నారు.

అన్నీ విస్తట్లో ఒక్కసారే వడ్డించుకుని కలుపుకుతినే మనకు, ఒకటి తిన్నాకే మరొకటి రావడం ఎదురుచూపులాగే అనిపిస్తుంది. రెండున్నర మూడు గంటలు కేటాయించుకోండి, తర్వాత రైలు పెట్టుకోకండి. ఆలస్యానికి ఒక్కోసారి మనమే కారణం: కత్తీ ఫోర్కూ పళ్లెంలో విడివిడిగా ఉంటే ఇంకా తింటున్నారని వెయిటరు దగ్గరికి రాడు, రెండూ పక్కపక్కన ఒకే దిక్కుకు పెడితే తినడం అయిందని పళ్లెం తీస్తాడు. ఈ సంగతి తెలియక మా చుట్టాలొకరు నలభై నిమిషాలు ఖాళీ పళ్లేల ముందు కూర్చుని, తమను చిన్నచూపు చూశారనుకున్నారు. లోపలికి వెళ్లగానే 'బోఁజూర్', సాయంత్రమైతే 'బోఁస్వార్' అని పలకరించకుండా నేరుగా విషయంలోకి దిగితే వాళ్లకు అది అమర్యాద. మొహం ముడుచుకున్నారన్న ఫిర్యాదుల్లో కొన్ని అక్కడే మొదలవుతాయి.

నీళ్లకు సీసా కొననక్కరలేదు, 'కరాఫ్ దో' అంటే కుళాయి నీళ్లు ఉచితంగా ఇస్తారు, బ్రెడ్డుకూ వేరే ధర ఉండదు. వైన్ వద్దని మొదటే చెబితే ఎవరూ తప్పుపట్టరు. మాంసం తినేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: 'ఆ ప్వాఁ' అంటే మధ్యస్థంగా ఉడికినదని పుస్తకాల్లో ఉన్నా లోపల ఎర్రగానే వస్తుంది, పూర్తిగా ఉడకాలంటే 'బియాఁ క్వీ' అనాలి.

బిల్లు అడగకుండా తెచ్చిపెట్టడం అతిథిని లేచి వెళ్లమన్నట్టని వారి భావన, అందుకే 'లాదిసియోఁ, సిల్ వు ప్లే' అని మనమే అడగాలి. 1987 నుంచి మెనూలో రాసే ధరలోనే పన్నూ సేవా రుసుమూ కలిపి చూపాలన్నది అక్కడి నిబంధన. అమెరికా లెక్కన టిప్పుగా మరో ఇరవై శాతం కలపనవసరం లేదు. సంతోషం కలిగితే కొన్ని యూరోలు బల్ల మీద ఉంచితే చాలు.

నిజంగానే తప్పు జరిగితే ఇంటికొచ్చి రాయడంకంటే అప్పుడే చెప్పడం మంచిది. పళ్లెం సగం ఖాళీ చేయకముందే, వెయిటరుకు కాకపోతే హాలు బాధ్యత చూసే మెత్ర్ దోతెల్‌కు, ఇది చల్లారి వచ్చింది, మార్చగలరా అని గొంతు పెంచకుండా అడగండి. మార్చిస్తే ఆ విషయమూ, మార్చకపోతే ఆ విషయమూ తర్వాత మీరు రాసేదాంట్లో చేర్చండి; వెళ్లింది మధ్యాహ్నమా రాత్రా, ఏ మెనూ తీసుకున్నారు, ఎంతయింది, శాకాహారమని ఎన్ని రోజుల ముందు చెప్పారు, బల్ల మీదికి చివరికి ఏం వచ్చింది అన్నవి కూడా రాయండి.