వెనక కుంగిపోయిన పాత ఓమ్నీని మళ్లీ లేపడం ఎలా?

కల్యాణదుర్గం వైపు నుంచి అనంతపురానికి శెనక్కాయ మూటలు మోసి మోసి, మా ఓమ్నీ ఖాళీగా ఉన్నా వెనక్కి కుంగిపోయేది. రాత్రిపూట ఎదురొచ్చేవాళ్లు డిప్పర్ కొట్టి తిట్టేవాళ్లు. వెనక దిగితే హెడ్‌లైట్ వెలుగు వాళ్ల కళ్లలో పడుతుంది మరి. ఒక షెడ్డులో చూపిస్తే షాకబ్జర్లు పోయాయన్నారు. రెండూ మార్పించాను. బండి వేలెడు కూడా లేవలేదు.

అందుకే ముందు ఈ సంగతి తెలుసుకోండి. బండి బరువు మోసేది స్ప్రింగు. షాకబ్జర్ ఊగును ఆపుతుంది, అంతే. ఎత్తు తగ్గితే స్ప్రింగును అనుమానించాలి. మూల నొక్కి వదిలాక బండి రెండు మూడుసార్లు ఊగుతుంటే అప్పుడు షాకబ్జర్ సంగతి చూడాలి.

మొదట కొలవండి. సామానంతా దించి, టైర్లలో గాలి సరిచేసి, సమంగా ఉన్నచోట నిలపండి. తాడిపత్రి బండలు పరిచిన వాకిలైతే మేలు, మట్టినేల వద్దు. చక్రం నడిమధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా నాలుగు వైపులా టేపుతో కొలిచి రాసుకోండి. కుడి ఎడమల మధ్య తేడా సెంటీమీటరు దాటితే తగ్గిన పక్క వెతకాలి. రెండు పక్కలూ ఒకేలా కుంగితే తేడా తెలియదు. అదే మోడల్ మంచి బండిని కొలిచి పోల్చండి.

తర్వాత కిందికి దూరి చూడాలి. ముందు చక్రాలకు అడ్డం పెట్టి, వెనక లేపి, చాసిస్ కింద జాకీ స్టాండ్లు నిలపండి. ఒక్క జాకీని నమ్మి కిందికి పోవద్దు. ఇటుకలూ, బండలూ పేర్చడం ఇంకా ప్రమాదం, బరువుకు ఒక్కసారిగా పగులుతాయి.

వైర్ బ్రష్‌తో మట్టి గీకి, టార్చి వేసి, కమాన్ పట్టీలు ఒక్కొక్కటే చూడండి. ఓమ్నీ వెనక స్ప్రింగు అంటే ఇవే, ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టగా బిగించిన వంపు పట్టీలు. మా బండిలో ఒక పట్టీ, కట్టను నడుమ కలిపి ఉంచే సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర విరిగింది. కట్ట విప్పాక విరిగిన ముఖం చూస్తే సగం తుప్పుపట్టి ఎర్రగా, మిగతా సగం కొత్త ఇనుములా తళతళలాడుతోంది. అంటే పగులు ఎన్నాళ్ల కిందటో మొదలైంది. మిగిలిన ఆ సగం మీదే పిల్లల్ని ఎక్కించుకుని తిరిగామని తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

పట్టీ విరగకపోతే, వంపు పోయి తిన్నగా అయిందేమో, కట్ట కొసను చాసిస్‌కు తగిలించే షాకిల్‌లోని రబ్బరు బుష్‌లు అరిగాయేమో చూడండి. కట్ట తగిలించే చోట చాసిస్ తుప్పు తింటే ముందు వెల్డింగ్, తర్వాతే స్ప్రింగు.

మారుతి 800 లాంటి కాయిల్ స్ప్రింగు బండ్లలో కింది చుట్టు కొస విరిగి, స్ప్రింగు కూర్చునే గిన్నెలోనే దాక్కుంటుంది. ముందు చక్రాల దగ్గర షాకబ్జర్, కాయిల్ కలిసి ఉండే స్ట్రట్ నుంచి కాయిల్ విప్పే పని మాత్రం ఇంట్లో పెట్టుకోకండి. అదిమిపెట్టి ఉన్న స్ప్రింగు ఎగిరితే ప్రాణం పోతుంది.

రిపేరుకు కమాన్ పనివాళ్ల దగ్గర వంపు పెట్టించవచ్చు, ఖర్చు తక్కువే. కానీ చాలాసార్లు మళ్లీ దిగుతుంది. గ్యాస్ మంటతో కాల్చి వంచుతామంటే ఒప్పుకోకండి, టెంపర్, అంటే పట్టీకి ఉన్న స్ప్రింగు గుణం, పోతుంది. అదనపు పట్టీ వేస్తే లోడుకు బాగుంటుంది గానీ ఖాళీగా పోయేటప్పుడు నడుము విరుగుతుంది. నా మట్టుకు నేను కొత్త కట్టలే వేయించాను, రెండు పక్కలా. ఒక పక్కే మారిస్తే బండి ఒరుగుతుంది.

కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టులు విప్పేముందు ఇరుసు కింద మరో జాకీ ఆనించండి. బిగించేటప్పుడు పాత యూ బోల్టులు వాడకండి. కొత్తవి వేసి నాలుగు నట్లూ మార్చి మార్చి సమంగా తిప్పండి. బుష్ బోల్టులు మాత్రం ముందు వదులుగా ఉంచి, బండి కిందికి దించి బరువు పడ్డాకే గట్టిగా బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. చాలామంది తొందరలో ఇక్కడే తప్పు చేస్తారు.

రెండు మూడొందల కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మరోసారి బిగించి, మళ్లీ టేపు పట్టండి. హెడ్‌లైట్లు గోడ మీద వేసి ఎత్తు సరిచేయించండి. కొత్త కొలతలు తేదీతో సహా రాసి బండిలోనే పెట్టుకోండి, వచ్చే ఏడాది పోల్చడానికి.