రోజుకు రెండు పాటలు చాలు

జాజ్ గాయనులు ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్, బిల్లీ హాలిడే పేర్లు అందరి నోటా విని, ఓ ఆదివారం బట్టలు మడతపెడుతూ ముప్పై పాటలు వరసగా పెట్టేశాను. పదో పాటకల్లా అందరూ ఒకేలా వినిపించారు. బట్టల పని మాత్రం పూర్తయింది. యాభైల నాటి ఆ అమెరికన్ గాయనీమణుల్ని అలా గంపగుత్తగా వినకూడదని తర్వాత తెలిసింది.

ముందు పెద్ద ఆర్కెస్ట్రా ఉన్నవి పక్కన పెట్టండి. జూలీ లండన్ పాడిన ‘క్రై మీ ఎ రివర్’ (1955) అందుకోండి. వెనక బార్నీ కెస్సెల్ గిటారు, రే లెదర్‌వుడ్ బాసు, అంతే. రాత్రి పూట, హెడ్‌ఫోన్స్‌లో, సౌండ్ మామూలుకంటే తగ్గించి వినాలి. ఆమెది పెద్ద గొంతేం కాదు. మైకుకి దగ్గరగా వచ్చి దాదాపు మాట్లాడుతున్నట్టే పాడుతుంది. మైకులు లేని రోజుల్లో గొంతు చివరి వరస దాకా చేరాలి కదా, ఆ అవసరం తీరిపోయాక గొణిగినా పాటే అయింది. పక్క కుర్చీలో ఎవరో కూర్చుని తన గోడు చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. నన్ను పట్టేసింది అదే.

తర్వాత పెగీ లీ ‘ఫీవర్’ (1958). బాసు, కాస్త డ్రమ్ము, చిటికెలు. నాలుగు లెక్కపెడుతూ వినండి. చిటికె రెండు మీదా నాలుగు మీదా పడుతుంది. మనకేమో ఒకటి మీద కొట్టే అలవాటు. నాకైతే చెయ్యి మాట వినడానికి రెండు రోజులు పట్టింది. అయినా ఈ లెక్క వదలొద్దు, బిల్లీ దగ్గర ఇదే అక్కరకొస్తుంది.

బిల్లీ 1930లలో పియానిస్ట్ టెడ్డీ విల్సన్ బృందంతో పాడినవి పెట్టి, వేలితో బల్ల మీద తాళం వేయండి. మాట తాళానికి కాస్త వెనకబడుతుంది. మొదట్లో తప్పిందేమో అనుకున్నాను. తప్పలేదు. తీరిగ్గా నడిచొచ్చి, సరిగ్గా రావలసిన చోట కలుస్తుంది. ‘లేడీ ఇన్ శాటిన్’ (1958) ఆల్బమ్ మాత్రం ఇవి విన్నాకే. అప్పటికి గొంతు చీలిపోయింది, మరుసటి ఏడాదే 44 ఏళ్లకి చనిపోయింది. నేను ముందు అదే పెట్టి, పది నిమిషాలకే ఆపేశాను. పాతవి విన్నాక మళ్లీ పెడితే, అరిగిన గొంతులోనూ ఆ వెనకబడే నడక అలాగే ఉంది.

గొంతుల తేడా పట్టుకోవాలంటే ఒకే పాట ఇద్దరి దగ్గర వినండి. గెర్ష్విన్ బాణీ కట్టిన ‘సమ్మర్‌టైమ్’ బిల్లీ 1936లో పాడింది. ఎల్లా, బొంగురు గొంతు గాయకుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో కలిసి పాడింది కూడా ఉంది. రెండూ ఒకే రోజు వద్దు, రేపటికొకటి ఉంచుకోండి.

మరో గాయని అనీటా ఓడే ప్రతి స్వరాన్నీ పొట్టిగా తుంచేస్తుంటే విసుక్కోకండి. చిన్నప్పుడు టాన్సిల్స్ ఆపరేషన్‌లో కొండనాలుక పోయింది, స్వరం సాగదీయడం ఆమెకి కష్టం. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఈమెకి కొండనాలుకే పోయి ఓ బాణీ వచ్చింది.

ఎల్లా 1960లో బెర్లిన్‌లో పాడిన ‘మాక్ ద నైఫ్’ చివరికి ఉంచుకోండి. మధ్యలో సాహిత్యం మర్చిపోయింది. పాట ఆపలేదు, మర్చిపోయిన సంగతే తాళంలో కూర్చి పాడేసి, మధ్యలో ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతు కూడా అనుకరించింది. ఆ రికార్డుకి గ్రామీ వచ్చింది. దీనికి మాత్రం సౌండ్ పెంచుకోవచ్చు.