ఏం వింటున్నారో చెప్పడం ఈజీనే, అవతలివాళ్ళు ప్లే నొక్కేలా చెప్పడమే అసలు పని

గ్రూపుల్లో పాటల లింకులు రోజూ పడుతూనే ఉంటాయి, పైన 'మస్ట్ లిజన్', కింద రెండు మంటల ఎమోజీలు, అంతే సంగతులు. పంపినవాళ్ళకి ఆ పాటంటే ప్రాణం, చూసినవాళ్ళు మాత్రం ఆగకుండా కిందకి తోసేస్తారు, పాట బాగోక కాదు, నొక్కడానికి కారణం ఏదీ కనపడక. 'వేరే లెవెల్' అన్న మాట ఏ పాటకైనా అతుక్కుంటుంది కదా, అందుకే ఈ పాట గురించి అది ఏమీ చెప్పదు.

సో ముందు చెయ్యాల్సింది, పాటలో మిమ్మల్ని పట్టేసిన చోటు ఎక్కడుందో వెతకడం. మొత్తం పాటే నచ్చింది అనిపిస్తుంది గానీ నాకు తెలిసి చాలాసార్లు అలా ఉండదు, ఎక్కడో ఒక చోటు ఉంటుంది. పాట మళ్ళీ పెట్టుకుని, ఏ బిట్ అయిపోగానే చెయ్యి దానంతటదే వెనక్కి జరపడానికి వెళ్తోందో చూడండి, అదే ఆ చోటు. టైమ్ రాసుకోండి. తర్వాత అక్కడ ఏం జరుగుతోందో విన్నది విన్నట్టు రాయండి, పొగడ్త వద్దు. తేడా చూడండి.

మామూలుగా రాసేది: 'కొత్త పాట ఒకటి విన్నా, మెలోడీ సూపర్, వాయిస్ మ్యాజిక్, మిస్ అవ్వకండి.'

చోటు పట్టుకుని రాస్తే: '2:40 దగ్గర డ్రమ్స్, గిటార్ అన్నీ ఒక్కసారి ఆగిపోతాయి, ఆమె ఊపిరి తీసుకున్న చప్పుడొక్కటే వినపడుతుంది, మళ్ళీ పల్లవి ఎత్తుకుంటుంది కానీ ఈసారి కింద బేస్ లేదు, గొంతుకి ఆసరా ఏదీ లేనట్టు ఉంటుంది. ఆ ఇరవై సెకన్ల కోసమే పాట మొత్తం తిప్పి తిప్పి వింటున్నా.'

రెండోదాంట్లో బాగుంది అన్న మాటే లేదు, అయినా అది చదివాక ఆ 2:40 దగ్గర ఏముందో చూడకుండా ఉండటం కష్టం. ఒకవేళ నొక్కి విన్నాక నచ్చకపోయినా 'నాకు ఆ ఆగడం ఓవర్‌గా అనిపించింది' అని ఏదో ఒకటి అనడానికి వాళ్ళకీ పట్టు దొరుకుతుంది, మాట ముందుకి సాగుతుంది. టైమ్ ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త, వీడియోలో మొదట డైలాగులో సీనో ఉంటే ఆడియో వెర్షన్‌కీ దానికీ టైమ్ కలవదు, కాబట్టి ఏది విని రాస్తున్నారో చెప్పేయండి. యూట్యూబ్‌లో అయితే షేర్ నొక్కినప్పుడు ఫలానా టైమ్ నుంచి మొదలయ్యేలా లింక్ తీసుకోవచ్చు. ఇంకోటి, లింక్ ఒక్కటే పడేయకండి, పాట పేరు, పాడినవాళ్ళు, ఆల్బమ్ మాటల్లో రాయండి, అందరి దగ్గరా మీ యాప్ ఉండదు, కొన్ని పాటలు కొన్ని దేశాల్లో ఓపెన్ అవ్వవు, లింకులు ఎప్పుడు పోతాయో కూడా తెలీదు.

ఇక ఎందుకు వింటున్నారు అనేది. ఇక్కడ చాలామంది పాట చరిత్ర ఎత్తుకుంటారు, ఎన్ని అవార్డులొచ్చాయి, ఎన్ని వ్యూస్ వచ్చాయి అని. అది మీ కారణం కాదు కదా. మీ కారణం చిన్నదైనా పర్లేదు, రాత్రి డ్రైవింగ్‌లో నిద్ర రాకుండా ఉంచుతోందనో, చదువుకుంటుంటే మాటలు లేని సంగీతం కావాలనో, తబలా నేర్చుకుంటున్నా ఈ ఠేకా (తాళానికి వాయించే దెబ్బల వరస) ఇంకా దొరకట్లేదు అనో, ఏదైనా సరే. 'ఎందుకో తెలీదు గానీ వదల్లేకపోతున్నా' అన్నా ఓకే, చోటు మాత్రం చూపించండి. వయొలిన్ సోలో ఒకటి మీకు పని చేసుకుంటుంటే బ్యాక్‌గ్రౌండ్‌లో నడవాలి, ఇంకొకళ్ళకి లైట్లు ఆర్పేసి వినాలి, ఈ ముక్క ముందే చెప్తే అవతలివాళ్ళు సరైన టైమ్‌లో వింటారు, లేదంటే మీటింగ్ మధ్యలో పది సెకన్లు విని 'ఆ, బానే ఉంది' అనేస్తారు.

టెక్నికల్ మాటల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 'ఇది మోహనం అండి' అని రాస్తే తెలిసినవాళ్ళు తల ఊపుతారు, తెలియనివాళ్ళు ఇది మనకి కాదులే అనుకుంటారు. రాగం పేరు రాయొద్దని కాదు, పేరుతో పాటు చెవికి తగిలేది కూడా రాయమంటున్నా. మోహనంలో ఐదే స్వరాలు, స రి గ ప ద, మధ్యమం (మ), నిషాదం (ని) ఉండవు, పక్కపక్కనే ఒకదాన్నొకటి ఒరుసుకునే స్వరాలు లేవు కాబట్టి ఎక్కడా ఇరుకు అనిపించదు, ఇలా రాస్తే సంగీతం రానివాళ్ళు కూడా దానికోసం వింటారు. ఇంకాస్త ఇంట్రెస్ట్ ఉన్నవాళ్ళైతే గ్రహభేదం గురించి చెప్పొచ్చు, అవే ఐదు స్వరాలు ఉంచి మోహనంలోని గాంధారాన్ని (గ) ఆధార షడ్జంగా, అంటే మొదలయ్యే 'స'గా తీసుకుంటే హిందోళం అనే ఇంకో రాగం అయిపోతుంది, స్వరాలు మారలేదు, ఇల్లు మారింది అంతే. కచేరీలో ఎవరైనా ఇది చేసి చూపించిన క్లిప్ దొరికిందంటే మీరు ఇంక ఏమీ రాయక్కర్లేదు, అది ఎక్కడ మొదలవుతుందో టైమ్ ఇస్తే చాలు. జాజ్ అయినా హిప్‌హాప్ అయినా ఇదే పద్ధతి, 'శాంపిల్ (పాత రికార్డు నుంచి తీసి వాడిన ముక్క) భలే వాడాడు' అనే బదులు ఆ శాంపిల్ ఎక్కడ వస్తుంది, స్పీడ్ పెంచాడా తగ్గించాడా అనేది చెప్పండి.

ఏ వెర్షన్ వింటున్నారో చెప్పడం ఓవర్ యాక్షన్ అనుకునేవాళ్ళు ఉన్నారు, కాదు. జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959లో వేసిన 'కైండ్ ఆఫ్ బ్లూ' ఆల్బమ్ ఉంది కదా, మొదటి సైడ్‌లోని మూడు ట్యూన్లు రికార్డ్ చేసిన రోజు మాస్టర్ టేప్ మెషీన్ కొంచెం స్లోగా తిరిగింది, ఆ టేప్‌ని మామూలు స్పీడ్‌లో తిప్పేసరికి రికార్డు మీద అవి ఒక పిసరు స్పీడ్‌గా, శ్రుతి కాస్త పైకి వచ్చాయి. 1990ల్లో సరిచేసి మళ్ళీ విడుదల చేసేదాకా ముప్పై ఏళ్ళకు పైగా జనం అలాగే విన్నారు, దాంతో పాటు వాయించి ప్రాక్టీస్ చేద్దామంటే శ్రుతి కలవదు మరి. కాబట్టి రీమాస్టరా (పాత రికార్డింగ్‌ని మళ్ళీ సరిదిద్ది వేసింది), లైవా, సినిమాలో వచ్చిందా, ఆల్బమ్‌లో వచ్చిందా అనేది ఒక ముక్క రాస్తే పోలా. ఏ ఎడిషనో తెలీకపోతే డిస్కాగ్స్ అనే రికార్డుల వివరాల సైట్‌లో వెతికితే చాలావరకు దొరుకుతుంది.

రెండు వెర్షన్లు పోల్చి ఇదే బెస్ట్ అనే ముందు మాత్రం సౌండ్ రెండిటికీ సమానంగా పెట్టి వినండి ప్లీజ్. కొంచెం ఎక్కువ సౌండ్‌లో ఉన్నదే చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది, కొత్త రీమాస్టర్లు చాలావాటిలో సౌండ్ ముందే పెంచేసి ఉంటుంది, 'క్లారిటీ అదిరింది' అని మనం మురిసిపోయేది ఒక్కోసారి ఆ పెంచిన సౌండ్‌నే. సౌండ్ మరీ తగ్గించి విన్నా ఇంకో తిప్పలు, చెవికి బేస్ ముందు మాయమవుతుంది, ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చూపించారు దీన్ని. మీరు హెడ్‌ఫోన్స్‌లో బేస్ లైన్ విని పడిపోయి పాట పంపితే అవతలివాళ్ళు ఫోన్ స్పీకర్‌లో వింటారు, బేస్ గిటార్ లావు తీగ మోగేది 41 హెర్ట్జ్ దగ్గర, ఫోన్ స్పీకర్‌కి అంత కిందకి దిగే సీనే లేదు, వాళ్ళకి అసలు మీరు చెప్పిందే వినపడదు. 'హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి' అని ఒక మాట రాయండి. ఫుల్ సౌండ్ పెట్టండి అని మాత్రం రాయకండి, పెద్దవాళ్ళకి 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటల దాకా పర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, 90కి వెళ్తే అది 4 గంటలకి పడిపోతుంది.

ఎవరికి పంపుతున్నారో చూసుకోండి, ఇది చెప్పక్కర్లేదు అనుకుంటా కానీ చెప్తున్నా. మూడు నిమిషాల సినిమా పాటలు వినే స్నేహితుడికి ముప్పావుగంట రాగం తానం పల్లవి (కర్ణాటక కచేరీలో తీరిగ్గా విస్తరించి పాడే భాగం) పంపి 'విన్నావా' అని వెంటపడితే ఇంకోసారి మీ మెసేజ్ తెరవడు. అదే తని ఆవర్తనంలో, అంటే కచేరీలో తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగంలో మృదంగం, ఘటం ఒకళ్ళకొకళ్ళు జవాబు చెప్పుకునే రెండు నిమిషాలు చూపించండి, వాడికి డ్రమ్స్ ఇష్టమైతే మిగతాది వాడే అడుగుతాడు. నిడివి ఎంతో ముందే చెప్పేయడం మర్యాద. ఒకసారికి ఒకటే పంపండి, ఇరవై పాటల ప్లేలిస్ట్ పంపితే ఎవరూ వినరు, సేవ్ చేసుకుంటారు, అంతే.

తెలియని భాష పాటైతే లైన్ లైన్‌కీ అర్థం రాయడం నాకు నచ్చదు, పాడుతున్నది ఎవరు, ఎవరితో, ఏ పరిస్థితిలో అనేది ఒక వాక్యంలో చెప్తే చాలు, మిగతాది గొంతే చెప్తుంది. వీలైతే వాయించినవాళ్ళ పేర్లు కూడా వేయండి, యాప్‌లో పైకి కనపడేది పాడినవాళ్ళ పేరే, ఆ ఫ్లూట్ ఎవరిదో కావాలంటే క్రెడిట్స్‌లోకి వెళ్ళి చూడాల్సిందే. పేరు దొరికితే విన్నవాళ్ళు అక్కడి నుంచి ఇంకో పది పాటలకి వెళ్తారు.

వాళ్ళు పంపినప్పుడు మీ వంతు. వినకుండా హార్ట్ సింబల్ కొట్టేయకండి, దొరికిపోతారు. విన్నాక మీకు తగిలిన టైమ్ ఒకటి తిరిగి రాయండి, నచ్చకపోతే ఏ చోట విడిపోయారో అదే రాయండి, 'మొదటి నిమిషం బాగుంది, ఆటోట్యూన్ (గొంతు శ్రుతిని సరిచేసే సాఫ్ట్‌వేర్) మొదలయ్యాక నా వల్ల కాలేదు' లాంటిది. 'ఇదొక పాటా' అని మాత్రం అనొద్దు, ఆ మనిషి మళ్ళీ మీకు ఏ పాటా పంపడు. విన్నారా విన్నారా అని అడక్కండి కూడా, కొన్ని పాటలు ఆర్నెల్ల తర్వాత వింటారు, విని అప్పుడు అర్ధరాత్రి మెసేజ్ పెడతారు.