ఉప్పునీటి ట్యాంకులో చేపలు ఒకే చోట ఎందుకు గుమిగూడతాయి: సమస్య - పరిష్కారం

చేప ఒక చోట అతుక్కుపోయిందంటే అక్కడ దానికి కావలసింది ఏదో దొరుకుతోంది, లేదా మిగతా చోట్ల దానికి పడనిది ఏదో ఉంది. ఒడిశాలోని బరంపురం, ఛత్రపురం వైపు ఉప్పునీటి ట్యాంకు పెట్టిన ఇళ్లలో చేపలు ఒక మూలకి చేరగానే ముందు మందు సీసా బయటికి వస్తుంది. అది వెనక్కి పెట్టండి. మూడు సంగతులు చూడండి: చేప ఎక్కడుంది, ఏ వేళకి అక్కడికి చేరింది, మొప్పలు ఎంత వేగంగా కొట్టుకుంటున్నాయి. మొప్పల కదలికను 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. చేప హాయిగా ఉన్న రోజునే ఈ లెక్క ఒక కాగితం మీద రాసి ట్యాంకు పక్కన అంటించుకుంటే, తేడా వచ్చిన రోజు ఊహించుకోవలసిన పని ఉండదు.

జబ్బు కానివి

జత క్లౌన్‌ఫిష్ రాత్రి పై మూలలో ఒరిగి ఊగుతూ నిద్రపోతుంది. రాయల్ గ్రామా రాతి చూరు కింద తలకిందులుగా ఉంటుంది. బంగ్గాయి కార్డినల్ పగలంతా ఒకే చోట కదలకుండా నిలబడుతుంది. ఫైర్‌ఫిష్ తన కన్నం ముందే తేలుతుంది. హాలికోరిస్ జాతి ర్యాస్ చీకటి పడగానే ఇసుకలో దూరుతుంది. కొత్తగా తెచ్చినదైతే కొన్ని రోజులపాటు పైకి రాకపోవచ్చు. చచ్చిపోయిందేమోనని ఇసుక తవ్వకండి.

సమస్య: అన్నీ పైకి చేరి నోరు తెరుస్తున్నాయి

ఎక్కువసార్లు కారణం గాలి చాలకపోవడమే. ఉప్పునీరు మంచినీటికంటే తక్కువ ఆక్సిజన్ పట్టుకుంటుంది. 25 డిగ్రీల దగ్గర మంచినీటిలో లీటరుకి దాదాపు 8.2 మి.గ్రా. కరిగితే, సముద్రపు నీటిలో 6.7 మి.గ్రా. మాత్రమే. అదే నీరు 30 డిగ్రీలకి చేరితే 6.2కి పడిపోతుంది. పైగా దీపం ఆరిన తర్వాత నాచు, పగడాలు కూడా ఆక్సిజన్‌నే పీలుస్తాయి కాబట్టి తెల్లవారుజామున అది అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. చేపలు తెల్లారేసరికి పైన ఉండి, దీపం వేసిన రెండు మూడు గంటల్లో కిందికి దిగుతున్నాయంటే అనుమానం అక్కర్లేదు, గాలే.

నీటి పైభాగాన్ని పక్క నుంచి, కంటి ఎత్తులో చూడండి. నూనె పొరలాంటిది మెరుస్తుంటే గాలి లోపలికి దిగడానికి అదే అడ్డు. ఒక తెల్ల టిష్యూ కాగితం నీటి మీద పరిచి ఒక అంచు పట్టుకుని మెల్లగా లాగితే పొర దానితోపాటు వచ్చేస్తుంది. తర్వాత వేవ్‌మేకర్‌ని (నీటిని కదిలించే పంపుని) కాస్త పైకి తిప్పి, నీటి పైభాగం మొత్తం అలలాడేలా పెట్టండి. గాజు మూత బిగించి ఉంటే తీసి వల కప్పండి. తీసేసి ఊరుకుంటే ఫైర్‌ఫిష్, ర్యాస్ బయటికి గెంతుతాయి.

కరెంటు పోయినప్పుడు ఇదే సమస్య గంటల్లో ముంచుకొస్తుంది. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఆ తీరంలో ట్యాంకు పెట్టినవారికి బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు తప్పనిసరి సామాను. అది లేకపోతే చెంబుతో ట్యాంకు నీళ్లే ముంచి అడుగు ఎత్తు నుంచి తిరిగి పొయ్యండి. పది పదిహేను నిమిషాలకోసారి పాతిక చెంబులు పోస్తే ప్రాణం నిలబడుతుంది. మేత పూర్తిగా మానెయ్యండి. క్యానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట ఉండే మూసిన డబ్బా ఫిల్టర్) ఉన్నవాళ్లు ఒకటి మరవద్దు: గంటల తరబడి ఆగిన డబ్బాలోని నీరు గాలి లేక చెడుతుంది. కరెంటు రాగానే స్విచ్ వేస్తే ఆ నీరంతా చేపల మీదకి వస్తుంది. ముందు డబ్బా ఖాళీ చేసి, స్పాంజీలని ఉప్పునీటితోనే కడిగి, అప్పుడు పెట్టండి.

గాలి బాగానే ఉన్నా పైనే ఉంటే అమ్మోనియా పరీక్ష చెయ్యండి. అది సున్నా ఉండాలి. సముద్రపు నీటి పీహెచ్ 8.2 ప్రాంతంలో ఉంటుంది కాబట్టి కొద్దిపాటి అమ్మోనియా కూడా మంచినీటి ట్యాంకులోకంటే గట్టిగా కాటేస్తుంది. రాతి వెనక చచ్చిన నత్త, మిగిలిన మేత ఉన్నాయేమో వెతికి తీసెయ్యండి. 200 లీటర్ల ట్యాంకుకి 50 లీటర్ల నీరు మార్చండి. దానికి దాదాపు 1,800 గ్రాముల అక్వేరియం ఉప్పు పడుతుంది. ఉప్పు పూర్తిగా కరిగి, వేడి, సాంద్రత ట్యాంకుతో సరిపోయాకే పొయ్యాలి.

సమస్య: పంపు ముందు ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడింది

ఇది చూసి ఊరుకోకూడదు. టాంగ్, యాంథియాస్ లాంటివి ప్రవాహాన్ని ఇష్టపడే చేపలే. కానీ అవి అటూ ఇటూ ఈదుతాయి, మేత వెయ్యగానే పరుగెత్తుకొస్తాయి. మేత పడినా తిరిగి చూడక, వేగంగా మొప్పలాడిస్తూ పంపు ముందే ఉండిపోయే చేపకి మొప్పల్లో పరాన్నజీవి పట్టి ఉండాలి. ఊపిరి ఆడక, నోట్లోకి నీళ్లు వాటంతట అవే వచ్చే చోటు వెతుక్కుంది.

గదిలో దీపాలన్నీ ఆర్పి, టార్చిని పక్క నుంచి ఏటవాలుగా చేప మీద వెయ్యండి. ఒంటి మీద పసుపు పొడి చల్లినట్టు సన్నటి నుసి కనిపిస్తే అది వెల్వెట్ అనే పరాన్నజీవి. ఉప్పు రవ్వల్లా విడివిడిగా తెల్లచుక్కలుంటే ఇక్ అనే మరో పరాన్నజీవి. వెల్వెట్ ముందు మొప్పలనే పడుతుంది. ఒంటి మీద ఏమీ కనబడక ముందే రెండు మూడు రోజుల్లో ట్యాంకు ఖాళీ కావచ్చు. అందుకే ఇక్కడ చేప నిలబడ్డ చోటు చుక్కలకంటే ముందు కబురు చెబుతుంది.

చేపలన్నిటినీ వేరే ట్యాంకులోకి మార్చండి. అందులో రాయి, ఇసుక ఉండకూడదు. ఈ జబ్బుకి వేసే మందులోని రాగిని (కాపర్‌ని) అవి పీల్చేసుకుని మోతాదు తప్పిస్తాయి. దాక్కోడానికి పీవీసీ పైపు ముక్కలు చాలు. కాపర్ సల్ఫేట్ రకం మందైతే లీటరుకి 0.15 నుంచి 0.20 మి.గ్రా. రాగి ఉండాలి. ఒకటి రెండు రోజుల్లో మెల్లగా ఆ స్థాయికి తెచ్చి, మూడు వారాలు రోజూ పరీక్ష చేస్తూ నిలపండి. రాగిని మరో పదార్థంతో కట్టి ఉంచిన కీలేటెడ్ రకానికి లెక్క వేరు, సీసా మీద ఉన్నదే పాటించండి. అసలు ట్యాంకులో మాత్రం రాగి చుక్క కూడా పడకూడదు. రొయ్యలు, నత్తలు, పగడాలు చచ్చిపోతాయి. ఆ ట్యాంకుని చేపలు లేకుండా కనీసం 6 వారాలు నడిపితే వెల్వెట్‌కి ఆశ్రయం దొరక్క నశిస్తుంది. ఇక్ అయితే ఇంకా ఎక్కువ కాలం, 76 రోజులు ఆగడం మంచిది.

సమస్య: ఒక్క చేప మూలలోనే ఉంటోంది

తోకా రెక్కలూ చూడండి. అంచులు చిరిగి ఉంటే తరుముతున్నది డాంసెల్ చేపో, ముందు వచ్చిన క్లౌన్‌ఫిషో అయి ఉంటుంది. రాళ్లు మార్చి పేర్చండి; పాత హద్దులు చెరిగితే పెత్తనం సగం తగ్గుతుంది. అప్పటికీ ఆగకపోతే తరిమేదాన్ని చిల్లుల ప్లాస్టిక్ డబ్బాలో వారం పాటు ఉంచండి. దెబ్బలు తిన్నదాన్ని కాదు, కొట్టేదాన్నే. చిరుగులు లేకుండా గాజు వెంట పైకీ కిందికీ తిరుగుతుంటే గాజులో తన ప్రతిబింబాన్నే చూస్తోంది. ఆ వైపు బయట కాగితం అంటిస్తే సరి.

సమస్య: అన్నీ అడుగుకి దిగాయి, లేదా రాళ్ల వెనకే ఉన్నాయి

చేపలు కొత్తగా తెచ్చినవైనా, దీపం కొత్తగా పెట్టినదైనా రెండు మూడు రోజులు వెలుతురు తగ్గించండి. పాత ట్యాంకులో అకస్మాత్తుగా దిగితే రిఫ్రాక్టోమీటర్‌తో (నీటి ఉప్పదనం చూపే పరికరం) కొలవండి. సాంద్రత 1.025 దగ్గర ఉండాలి.

ఆవిరైన నీటికి బదులు మంచినీళ్లు ఒకేసారి బకెట్‌తో పోస్తే అవి తేలికగా ఉండి పైనే నిలుస్తాయి. చేపలు ఆ పొర కింద నలుగుతాయి. పంపు దగ్గర, సన్నటి ధారగా, రోజూ కొంచెం కొంచెం పొయ్యండి. గోపాల్‌పూర్ బీచ్ నుంచి నీళ్లు తెచ్చేవాళ్లు వానాకాలంలోనూ, ఆ తర్వాత కొన్ని నెలలూ మానాలి. రుషికుల్య లాంటి నదులు పోసే వరదతో ఒడ్డు నీరు పలచబడుతుంది, బురదా వస్తుంది. చిలికా సరస్సు నీరు ఏ కాలంలోనూ పనికిరాదు, దాని ఉప్పదనం చోటుకీ నెలకీ మారుతుంది. దగ్గర్లోని హుమ్మా ఉప్పు మడుల ఉప్పు చవకే కానీ, అది పేరుకునేటప్పుడు మెగ్నీషియం చాలావరకు ఉప్పు తీశాక మిగిలే చేదు నీళ్లలోనే ఉండిపోతుంది. అందులో చేపకి, పగడానికి కావలసిన లవణాలన్నీ చాలినంత ఉండవు.

మే నెలలో నీరు 29 దాటితే నీటి మీదకి ఫ్యాన్ పెడతారు. పొడిగాలి ఊళ్లలో అది రెండు మూడు డిగ్రీలు దించుతుంది. బరంపురం ఉక్కలో నీరు అంత తొందరగా ఆవిరి కాదు కాబట్టి అంత దిగదు. గదికి ఏసీగానీ, ట్యాంకుకి చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) గానీ లెక్కలో వేసుకోండి.

సమస్య: ట్యాంకులో ఒక సగం ఖాళీ

హీటరో, పంపో ఉన్న వైపు చేపలు పోవడం లేదంటే నీటిలోకి కరెంటు లీకవుతుండవచ్చు, ముందు చెయ్యి ముంచకండి. అన్ని ప్లగ్గులూ తీసి, వైర్ల పొర పగిలిందేమో, హీటర్ గాజు చిట్లిందేమో చూడండి. ఏదీ కనబడకపోతే ఒక్కొక్కటే తిరిగి పెడుతూ, ఏది పెట్టినప్పుడు చేపలు దూరం జరుగుతున్నాయో కనిపెట్టండి. దాన్ని టేపు చుట్టి వాడకండి, పారెయ్యండి. ట్యాంకు లైనుకి 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి, ఎర్త్ నిజంగా పనిచేస్తోందో ఎలక్ట్రీషియన్ చేత కొలిపించండి.