ప్రియస్ ఇంజిన్ సిగ్నల్ దగ్గర ఆగట్లేదా? బ్యాటరీ మార్చే ముందు థర్మోస్టాట్ చూడండి

అమెరికాలో చలి మొదలైతే చాలు, సెకండ్ హ్యాండ్ ప్రియస్ (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు బ్యాటరీతోనూ నడిచే టొయోటా హైబ్రిడ్ కారు, మామూలుగా సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగుతుంది) కొనుక్కున్న మన పిల్లల నుంచి నాకు ఒకే రకం ఫోన్లు వస్తాయి. "అన్నా, మైలేజీ బాగా పడిపోయింది, సిగ్నల్ దగ్గర బండి ఆగినా ఇంజిన్ ఆగట్లేదు, హీటర్ గోరువెచ్చగానే వస్తోంది, గ్యారేజీ వాళ్ళేమో హైబ్రిడ్ బ్యాటరీ పోయిందంటున్నారు." ఫీజులు కట్టుకుంటూ పార్ట్ టైమ్ చేసుకునే పిల్లాడికి వేల డాలర్ల ఖర్చు అంటే ఎంత టెన్షనో నాకు తెలుసు, అందుకే ఇదంతా ఒకచోట రాసి పెడుతున్నాను. నేను చెప్పేది 2010 నుంచి 2015 దాకా వచ్చిన మూడో తరం ప్రియస్ గురించి, ఎక్కువ మంది కొనేది అదే కాబట్టి.

చలికి ఏ హైబ్రిడ్‌కైనా మైలేజీ కొంత తగ్గుతుంది, దానికి కంగారు పడక్కర్లేదు. కానీ పై మూడూ కలిసి వస్తే నేను ముందు అనుమానించేది ఇంజిన్ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌నే. కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెడితే పీ0128 అనే కోడ్ కనిపించవచ్చు. ఇంజిన్ వేడెక్కాల్సినంత వేడెక్కట్లేదని దానర్థం. బ్యాటరీ పోతే సాధారణంగా వచ్చేది పీ0ఏ80, ఎర్ర త్రికోణం లైటు కూడా వెలుగుతుంది. అందుకే "బ్యాటరీ పోయింది" అని ఎవరన్నా సరే, ముందు కోడ్ ఏమొచ్చిందో చూపించమనండి.

ఇంత చిన్న పార్టుకి ఇంత గొడవ ఎందుకు

థర్మోస్టాట్ అంటే లోపల మైనం ఉన్న ఒక చిన్న వాల్వ్. చల్లగా ఉన్నంతసేపూ మూసుకుని ఉండి, కూలెంట్‌ని, అంటే ఇంజిన్ వేడిని మోసుకెళ్ళే ద్రవాన్ని, దాన్ని చల్లార్చే రేడియేటర్ వైపు పోనివ్వదు. 80 నుంచి 84 డిగ్రీల సెల్సియస్ మధ్య మైనం కరిగి వ్యాకోచించి వాల్వ్‌ని తెరుస్తుంది. పాతబడ్డాక అది తెరుచుకునే ఉండిపోతే, ఇంజిన్ పుట్టించిన వేడిని రేడియేటర్ వచ్చింది వచ్చినట్టే బయటికి వదిలేస్తుంది. మామూలు కారులో ఇంజిన్ ఎలాగూ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఇది అంతగా తెలియదు. హైబ్రిడ్‌లో అలా కాదు, ఇంజిన్ తగినంత వేడిగా ఉంటేనే కంప్యూటర్ దాన్ని ఆపుతుంది, హీటర్ వేసి ఉంటే లోపలికి వేడి అందించడానికి మళ్ళీ మళ్ళీ స్టార్ట్ చేస్తుంది. వేడి నిలవకపోతే ఇంజిన్‌కి విశ్రాంతి ఉండదు, మైలేజీ పోయేది అక్కడే.

తేల్చుకోవడం ఎలా

ఈ కారులో ఇంజిన్ వేడి చూపించే ముల్లు లేదు, కాబట్టి ఒక బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (కారులోని పోర్టుకి తగిలిస్తే కంప్యూటర్ లెక్కల్ని ఫోన్‌కి పంపేది) కొని డాక్టర్ ప్రియస్ లాంటి యాప్‌లో కూలెంట్ ఉష్ణోగ్రత చూడండి. రాత్రంతా చలిలో ఉన్న బండిని పొద్దున్నే స్టార్ట్ చేయకముందు చూస్తే, ఆ అంకె బయటి ఉష్ణోగ్రతకి దగ్గరగా ఉండాలి. బాగా తేడా ఉంటే థర్మోస్టాట్‌ని వదిలేసి ముందు సెన్సర్ సంగతి చూడండి.

తర్వాత కనీసం 20 నిమిషాలు నడపండి, అందులో హైవే కూడా ఉండాలి. బాగున్న బండి 80 దాటి ఇంచుమించు అక్కడే నిలబడుతుంది. ఊళ్ళో 75 దాకా వెళ్ళి, హైవే ఎక్కి గాలి తగలగానే 60కి జారిపోతుంటే మాత్రం వాల్వ్ తెరుచుకుని ఉన్నట్టే, ఇంతకన్నా గట్టి గుర్తు నాకు తెలీదు. చలిగాలి తగలకుండా ముందు జాలీకి అట్టలు అడ్డం పెట్టి ఉంటే అవి తీసేసి ఈ పరీక్ష చేయండి, లేకపోతే జబ్బు దాగిపోతుంది.

కూలెంట్ తగ్గినా, లోపల గాలి చేరినా హీటర్ సరిగ్గా రాదు, అందుకని ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు డబ్బాలో మట్టం చూడండి. బ్యాటరీ కరెంటుని మోటారుకి తగ్గట్టు మార్చే ఇన్వర్టర్‌కి వేరే కూలెంట్ డబ్బా ఉంటుంది, రెండూ కలిపేసుకోకండి. బయట ఎక్కడా కారకుండా కూలెంట్ తగ్గిపోతూ, పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజిన్ గడగడా వణుకుతుంటే అది హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోవడం కావచ్చు. ఆ పని ఇంట్లో పెట్టుకోకుండా మంచి హైబ్రిడ్ మెకానిక్‌కి చూపించండి.

వాల్వ్ మూసుకునే ఉండిపోతే వ్యవహారం ఇంకోలా ఉంటుంది. వేడి 100 దాటి పైకి పోతుంది, ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది. ఎలక్ట్రిక్ వాటర్ పంప్ పోయినా ఇలాగే ఉంటుంది. ఏదైనా సరే వెంటనే పక్కకి ఆపేయండి, ఇంకో రెండు మైళ్ళే కదా అని నడిపితే ఇంజిన్ హెడ్ వంగిపోవచ్చు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో హైబ్రిడ్ నడిపేవాళ్ళు గమనించాల్సింది ముఖ్యంగా దీన్నే, మన ఎండల్లో వాల్వ్ తెరుచుకుని ఉండిపోయినా పెద్దగా తెలియదు.

మార్చడం

బండి రాత్రంతా చల్లారాలి. వేడి మీద మూత తీస్తే మరిగే కూలెంట్ మొహాన కొడుతుంది. రెడీ మోడ్‌లో (నడవడానికి సిద్ధంగా) ఉన్న హైబ్రిడ్ ఇంజిన్ ఏ క్షణమైనా దానంతటదే స్టార్ట్ అవుతుంది కాబట్టి పవర్ ఆపి, తాళం ఇంట్లో పెట్టి రండి. నారింజ రంగు వైర్లలో హై వోల్టేజీ కరెంటు ఉంటుంది, వాటి జోలికి అస్సలు పోవద్దు.

రేడియేటర్ కింది కుళాయి తిప్పి కూలెంట్‌ని బేసిన్‌లోకి పట్టండి. అది తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ తాగితే చచ్చిపోతాయి, నేల మీద చుక్క కూడా వదలకండి. కింది హోస్ ఇంజిన్‌లోకి చేరే చోట ఉన్న హౌసింగ్ విప్పితే థర్మోస్టాట్ కనిపిస్తుంది. తీసేముందు ఫోటో తీసుకోండి, దాని మీదున్న చిన్న గాలి పిన్ను ఎటువైపు ఉందో కొత్తదీ అటే రావాలి. రబ్బరు రింగు కొత్తదే వేయండి, బోల్టులు చిన్నవి, బలం చూపించకండి. తీసిన పాతదాన్ని గిన్నెడు నీళ్ళలో థర్మామీటర్‌తో పాటు వేడి చేసి చూడొచ్చు. చల్లటి నీళ్ళలోనే నోరు తెరుచుకుని ఉంటే మీ అనుమానం నిజమే. ఆ గిన్నె మళ్ళీ వంటకి వాడకండి.

నింపేటప్పుడు టొయోటా గులాబీ రంగు కూలెంటే పోయండి, అది ముందే కలిపి వస్తుంది, నీళ్ళు కలపక్కర్లేదు. తర్వాత గాలి పోవాలంటే ఇంజిన్ ఆగకుండా తిరగాలి, దానికి మెయింటెనెన్స్ మోడ్ ఉంది. బ్రేక్ తొక్కకుండా పవర్ బటన్ రెండుసార్లు నొక్కండి. పార్క్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా రెండుసార్లు తొక్కి, న్యూట్రల్‌లో రెండుసార్లు, మళ్ళీ పార్క్‌లో రెండుసార్లు తొక్కండి. ఇదంతా ఒక నిమిషంలోపు అవ్వాలి. ఆ తర్వాత బ్రేక్ తొక్కి స్టార్ట్ చేయండి. హీటర్ ఫుల్లుగా పెట్టి, వేడిగాలి వచ్చేదాకా ఉంచి ఆపేయండి. మూసి ఉన్న గ్యారేజీలో మాత్రం ఈ పని చేయకండి, పొగ ప్రాణం తీస్తుంది. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు మట్టం చూసి, తగ్గినంత పోసి, కోడ్ చెరిపేసి, అదే హైవే మీద మళ్ళీ ఒకసారి అంకె చూడండి. 80 పైన నిలబడాలి, సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగాలి. వేడి నిలబడుతున్నా ఇంజిన్ ఆగకపోతే, అప్పుడు బ్యాటరీని పరీక్ష చేయించండి.